గేటు బయట నలభై నిమిషాలు

అది 2023 వానాకాలం. పుప్పాలగూడలో ఒక గేటెడ్ కమ్యూనిటీకి నేను సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఆరు టవర్లు, ఐదు వందలకు అటూ ఇటూగా ఫ్లాట్లు. ఉండేవాళ్ళలో ఎక్కువమంది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో హైటెక్ సిటీలోనో పనిచేసే ఐటీ వాళ్ళు. మెయిన్ గేటు పక్కన అద్దాల కేబిన్‌లో నా కుర్చీ. అక్కడి నుంచి బూమ్ బారియర్, నడిచి వచ్చేవాళ్ళ చిన్న గేటు, ఎదురుగా రోడ్డు, అన్నీ కనబడేవి.

చూసేవాళ్ళకు మా పని సెల్యూట్ కొట్టడం, బారియర్ ఎత్తడం అనిపిస్తుంది. నిజానికి పన్నెండు గంటలూ మేం చేసేది ఒకటే పని. ఎదురుగా నిలబడ్డ మనిషి లోపలికి వెళ్ళవచ్చా, కూడదా అని తేల్చడం. అప్పటికే అందులో ముప్పాతిక వంతు యాప్ చేతిలోకి వెళ్ళిపోయింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు తలా ఒక ఆరంకెల పాస్‌కోడ్ ఉండేది. గేటు దగ్గర ట్యాబ్‌లో అది కొడితే ఆకుపచ్చ వస్తే లోపలికి, ఎరుపు వస్తే బయటికి. ఇంటివాళ్ళు వద్దనుకుంటే తమ ఫోన్‌లోనే ‘బ్లాక్’ నొక్కేవారు. ఒక ఫ్లాట్ వాళ్ళు బ్లాక్ చేస్తే ఆ మనిషికి ఆరు టవర్లలోనూ ప్రవేశం పోతుంది. అది అసోసియేషన్ కమిటీ పెట్టిన రూలు.

ఆ రూలు తప్పని నాకెప్పుడూ తోచలేదు. అప్పటికి పదకొండేళ్ళుగా గేట్ల దగ్గరే ఉన్నాను. రాకూడని మనిషిని ఒక్కరిని కూడా వదల్లేదని నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వానికి ఒక్క నెల ముందే దెబ్బ తగిలింది. పని మానిపించిన ఒకామె వచ్చి, గ్యాస్ కట్టేయడం మరిచిపోయానని కంగారుగా చెబితే పైకి పంపాను. ఆమె నేరుగా ఆ ఇంటికి వెళ్ళి పెద్ద గొడవ పెట్టుకుంది. నాకు మెమో వచ్చింది. ఇంకొకటి వస్తే ఉద్యోగం ఉండదని ఏజెన్సీ వాళ్ళు చెప్పారు.

బి టవర్ 204లో బ్లెస్సీ గారు, ప్రవీణ్ గారు ఉండేవారు. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఆయన హైటెక్ సిటీలో ఆఫీసుకు వెళ్ళేవారు. ఆమెకు ఎనిమిదో నెల, ఇంటి నుంచే పని. వాళ్ళింట్లో వంట చేసేది యాదమ్మ. వనపర్తి వైపు మనిషి, నలభై ఐదేళ్ళుంటాయి. పుప్పాలగూడ పాత ఊళ్ళో ఒక గదిలో కిరాయికి ఉండేది. అదే టవర్‌లో ఇంకో రెండిళ్ళలో కూడా చేసేది. గొంతు పెద్దది. గేటు దగ్గర అందరినీ పేరుతో పలకరించేది.

ఒక సోమవారం సాయంత్రం బ్లెస్సీ గారు స్వయంగా కేబిన్ దాకా వచ్చారు.

“సూపర్‌వైజర్ గారూ, మా యాదమ్మని బ్లాక్ చేశానండి. మళ్ళీ పైకి రానివ్వకండి.”

“ఏమైనా పోయినయా మేడమ్?”

“అలాంటిది కాదండి. మా అమ్మకి ఫోన్ చేసి నా గురించి ఏవేవో చెప్పింది. కాళ్ళు వాచాయని, తలనొప్పితో పడుకుంటున్నానని, రాత్రిళ్ళు పని చేస్తున్నానని. అక్కడ అమ్మ ఒకటే ఏడుపు. నా ఇంట్లో విషయాలు బయటికి మోసే మనిషి నాకొద్దు.”

ఆమె చెప్పుల్లో పాదాలు సగమే దూరి ఉన్నాయి. మడమలు వెనక్కి జారి నేల మీద ఉన్నాయి. చూశాను. నిండు మనిషికి మామూలే కదా అనుకుని, సరే మేడమ్ అన్నాను.

మర్నాడు పొద్దున యాదమ్మ కోడ్ కొడితే ఎరుపు వచ్చింది. పనివాళ్ళకిచ్చే గేటు కార్డు తిరిగి ఇచ్చేయమన్నాను. వెనక పనివాళ్ళ వరుస ఉంది. ఆమె నెమ్మదిగా మెడలోంచి కార్డు తీసింది.

“ఒక్కింటి అమ్మ వద్దంటే మూడిండ్లు పోతయా సార్?”

“రూల్ గట్ల ఉంది యాదమ్మా. నేను పెట్టింది కాదు.”

బుధవారం పదింబావుకు మళ్ళీ వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. గొడుగు లేదు, కొంగు తల మీద కప్పుకుని ఉంది. ఊరి నుంచి నడిచి వచ్చిందో పరిగెత్తి వచ్చిందో, రొప్పుతోంది.

“సార్, జర 204కు పోనియ్యుండ్రి. అమ్మకు బాగలేదు.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ చేసింది. ఎత్తితే మాట లేదు. ఉత్త మూలుగుడు ఇనబడ్డది. మళ్ళ నేను చేస్తే ఎత్తుతలేదు. గుంటూరు అమ్మకు చేసిన, ఆమె స్కూల్ల పాఠం చెప్తున్నదో ఏమో, ఆమె గూడ ఎత్తలే.”

నాకు వెంటనే గ్యాస్ కథ గుర్తొచ్చింది. బ్లాక్ అయినవాళ్ళు గేటు దగ్గరికి వచ్చి చెప్పే కథలు నేను చాలా విన్నాను. పిల్లవాడికి ఒంట్లో బాగోలేదని, ఇంట్లో నా చీర ఉండిపోయిందని, మేడమే పిలిచిందని. అందుకే మనిషి మొహం చూడకుండా చేతిలో ఉన్న పద్ధతిని పట్టుకున్నాను. ట్యాబ్‌లో 204కి రిక్వెస్ట్ పంపాను. ఇంటివాళ్ళు కొంతసేపట్లో జవాబివ్వకపోతే యాప్ తనంతట తానే ‘డినైడ్’ అని చూపిస్తుంది. అంటే అనుమతి లేదని. అలాగే చూపించింది. ఇంటర్‌కమ్ చేస్తే మోగనే లేదు. ఆ ఫ్లాట్ వాళ్ళు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టుకున్నారు. మీటింగులు జరిగే వేళ అది, మామూలే.

“అనుమతి లేదు యాదమ్మా. మేడమ్ మీటింగ్‌ల ఉన్నది.”

“మీటింగ్‌ల ఉంటే నాకెందుకు ఫోన్ చేస్తది సార్?”

“చెయ్యి తాకి పోయుంటది.”

ఆమె వాదించలేదు. రోడ్డవతల కొత్త బిల్డింగ్ రేకు గోడ పక్కన, తడిసిన సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, దించడం. కాసేపటికి లేచి మళ్ళీ వచ్చింది. అదే మాట. నేనూ అదే మాట. మూడోసారి వచ్చినప్పుడు చిన్న గేటు దగ్గర నలుగురైదుగురు పాస్ కోసం నిలబడి ఉన్నారు.

“సార్, నా మాట ఒక్కటి ఇనుండ్రి. అమ్మకు కాళ్ళు, మొగం అన్ని వాచినయ్. కండ్ల ముంగట మెరుపులు వస్తున్నయ్ యాదమ్మా అని మొన్న నాతోటి అన్నది. మా చెల్లెకు గిట్లనే అయింది. గుర్రపువాతం సార్ అది. ఫిట్స్ వస్తయ్.”

“నువ్వు పెద్ద డాక్టరమ్మవు” అన్నాను.

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. యాదమ్మ నవ్విన మొహాల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తిరిగి వెళ్ళి ఆ దిమ్మ మీద కూర్చుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు నామీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మాత్రం ఆమె వెళ్ళిపోయిందన్న ఊరటే కలిగింది.

పదీ నలభైకి ఒక డెలివరీ బండి వచ్చింది. 204కే. ఆర్డర్ పెట్టినప్పుడే యాప్ అనుమతి ఇచ్చేస్తుంది కాబట్టి ట్యాబ్‌లో ఆకుపచ్చ వచ్చింది. ఆ మనిషి పేరు కూడా నేను అడగలేదు. గేట్ దగ్గరున్న గార్డు రాజమణి బారియర్ ఎత్తింది, బండి వెళ్ళిపోయింది. దిమ్మ మీద నుంచి యాదమ్మ ఆ బండినే చూస్తోంది.

పావుగంటకు ఆ మనిషి వెనక్కి వచ్చి కేబిన్ అద్దం మీద తట్టాడు. చేతిలో సంచి అలాగే ఉంది.

“అన్నా, 204ల తలుపు తీస్తలేరు. బెల్ కొట్టి కొట్టి ఏసారిన. ఫోన్ చేస్తే లోపల మోగుడు బయటికి ఇనబడుతుంది, ఎత్తుతలేరు. సంచి మీ దగ్గర పెట్టుకుంటరా?”

“ఆర్డర్ ఎప్పుడు పెట్టిండ్రు?”

అతను ఫోన్ చూశాడు. “తొమ్మిదీ ఇరవైకి.”

సంచిలో కొబ్బరినీళ్ళ సీసాలు, తలనొప్పి మాత్రల పట్టీ ఉన్నాయి. యాదమ్మకు ఫోన్ వచ్చింది తొమ్మిదిన్నరకు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోగానే కుర్చీలోంచి లేచాను.

వాకీటాకీలో బి టవర్ గార్డు సాయిలును 204 తలుపు దగ్గరికి పంపాను. చెయ్యి ఎత్తి యాదమ్మను కేబిన్ దగ్గరికి పిలిచాను. రెండు నిమిషాల్లో సాయిలు గొంతు వచ్చింది.

“సార్, తలుపు కొట్టిన. తీస్తలేరు. గని లోపల మాటలు ఇనబడుతున్నయ్.”

ప్రాణం లేచి వచ్చినట్టయింది. మాట్లాడుతున్నారంటే మీటింగే కదా. అయినా సెక్రటరీ గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన అసోసియేషన్ సెక్రటరీ, అదే కమ్యూనిటీలో ఉంటారు. ఆ సమయానికి ఆఫీసులో ఉన్నారు.

“మాటలు వినబడుతున్నాయంటే ఆవిడ కాల్‌లో ఉన్నట్టేగా నర్సింలూ. వదిలేయండి.”

“సార్, ఒకసారి తలుపు తీయించి చూస్తే...”

“ఎలా తీయిస్తారు? అది డిజిటల్ లాక్. పగలగొడితే రేపు కేసు పెడతారు. మొన్ననే మీకు మెమో వచ్చింది, గుర్తుంది కదా? వాళ్ళ హస్బెండ్‌కి చెప్పండి, ఆయన చూసుకుంటారు.”

ఫోన్ పెట్టేసి తల ఎత్తితే యాదమ్మ అద్దానికి చేతులు ఆనించి నిలబడి ఉంది. అంతా విన్నది. గొంతు పెంచలేదు.

“ఆ మాటల్ల అమ్మ గొంతు ఉందా అడుగుండ్రి సార్.”

వాకీటాకీ నొక్కి అదే అడిగాను. సాయిలు తలుపుకు చెవి పెట్టినట్టున్నాడు.

“లేదు సార్. అందరు మగోళ్ళ గొంతులే. కంప్యూటర్ల నుంచి వస్తున్నట్టున్నయ్.”

అప్పుడు ఇక నేను ఎవరినీ ఏమీ అడగలేదు. రాజమణిని 108కి ఫోన్ చేయమన్నాను. ఎనిమిదో నెల గర్భిణి, తలుపు తీయడం లేదు, ఫిట్స్ అనుమానం అని చెప్పమన్నాను. యాదమ్మను ఒకటే అడిగాను.

“ఇంట్లకు ఇంకేమన్న దారి ఉందా?”

“బాల్కనీ అద్దం తలుపుకు గొళ్ళెం పడది సార్. గట్టిగ పక్కకు నూకితే వస్తది.”

మా దగ్గర పార్కింగ్ పైకప్పు మీద తోట వేశారు. దాన్ని పోడియం అంటారు. 204 బాల్కనీ ఆ తోటకు ఒక అంతస్తు పైన ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వాడే అల్యూమినియం నిచ్చెన తెప్పించాను. వాన వల్ల మెట్లు జారుతున్నాయి. కింద ఇద్దరు పట్టుకున్నారు. తోటలో నడుస్తున్న ఒక పెద్దాయన ఫోన్ తీసి వీడియో తీయడం మొదలుపెట్టారు. నేను కాపలా కాసే ఇంట్లోకి నేనే దొంగలాగా ఎక్కుతున్నాను. లోపల ఆమె చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నన్ను చూసి కేకలు పెడితే ఈ రోజుతో నా పని సరి. ఆ ఆలోచన ఒక్కో మెట్టుకూ వచ్చింది. అలాగైతే బాగుండని కూడా అనిపించింది.

యాదమ్మ చెప్పినట్టే అద్దం తలుపు రెండో తోపుకు జరిగింది. హాల్లో ఎవరూ లేరు. లోపలి గదిలోంచి మాటలు వస్తున్నాయి. వెళ్ళాను.

బల్ల మీద లాప్‌టాప్ వెలుగుతోంది. దాని తెర మీద చిన్న చిన్న గళ్ళలో మొహాలు. ఒకాయన ఓపిగ్గా అంటున్నాడు, “బ్లెస్సీ, మ్యూట్‌లో ఉన్నావు. వినబడట్లేదు.” బ్లెస్సీ గారు కుర్చీకీ గోడకూ మధ్య నేల మీద పడి ఉన్నారు. కళ్ళు పైకి తిరిగిపోయి ఉన్నాయి. నోటి పక్కన నురగ, అందులో రక్తం. మోచెయ్యి కొట్టుకుని గోడ సున్నం రాలింది. ఫోన్ ఆమె నడుము కింద ఉంది.

ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఆడుతోంది.

పరిగెత్తి మెయిన్ డోర్ లోపలి నుంచి తీసి, వాకీటాకీలో యాదమ్మను పైకి పంపమన్నాను. రాజమణి ఒక్క క్షణం ఆగింది.

“సార్, ఆమె కోడ్‌కు ఎరుపు వస్తుంది. ఎంట్రీ ఎట్ల రాయాలె?”

“నా పేరు మీద రాయి. పంపు.”

యాదమ్మ లిఫ్ట్ కోసం చూడకుండా మెట్ల మీదుగా వచ్చింది. ఆమెను చూసి నాకు ధైర్యం వచ్చింది. నన్ను పక్కకు జరగమని కుర్చీ లాగేసింది. బ్లెస్సీ గారిని ఎడమ పక్కకు తిప్పి, తల కింద తన కొంగు మడిచి పెట్టింది. నోట్లో చెంచా పెడదామా అని నేనంటే వద్దంది. “నోట్ల ఏం పెట్టొద్దన్నడు మా చెల్లె అప్పుడు డాక్టర్. పక్కకు పండబెడితే సాలు.” ఆ మాట అంటుండగానే ఇంకోసారి ఫిట్స్ వచ్చింది. చేతులు, కాళ్ళు, దవడ, అన్నీ ఒక్కసారిగా బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నేను జీవితంలో అలాంటిది చూడలేదు. ఎంతసేపో తెలియదు. యాదమ్మ ఆమె తల గోడకు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, “అయిపోతది బిడ్డా, అయిపోతది” అంటూనే ఉంది.

తెర మీది మొహాలు అప్పటికి చూసేశాయి. ఎవరో పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు. నేను లాప్‌టాప్ మూసేశాను.

అంబులెన్స్ వచ్చేలోపు ప్రవీణ్ గారికి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. రిజిస్టర్‌లో ఆయన ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబర్ ఉందని రాజమణి చదివి వినిపించింది. దానికి చేస్తే అక్కడి సెక్యూరిటీ డెస్క్ ఎత్తింది. పేరు చెబితే అతను కంప్యూటర్‌లో చూసి, “ఓడీసీల ఉన్నడన్నా” అన్నాడు. ఓడీసీ అంటే ఒక విదేశీ కంపెనీ పని మాత్రమే జరిగే మూసిన హాలు. ఫోన్లు బయట లాకర్లో పెట్టి లోపలికి పోవాలి.

“లోపలికి కాల్ కలపరాదు. రూల్ లేదు. మెయిల్ పెట్టమను” అన్నాడతను.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆ పొద్దున పదింబావు నుంచి నేను మాట్లాడిన గొంతే అది. కోపం రాలేదు.

“అన్నా, నేను గూడ నీ లెక్క గేటు కాడి మనిషినే. ఆయన భార్యకు ఫిట్స్ వచ్చి నేల మీద పడి ఉంది. కడుపుల బిడ్డ ఉంది. కాల్ కలపకు. నువ్వే లేచి పోయి ఆ అద్దం మీద కొట్టు. మెమో వస్తే నా పేరు చెప్పు.”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ఏడు నిమిషాల్లో ప్రవీణ్ గారు నాకు ఫోన్ చేశారు. ఆ గార్డు పేరు ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

అంబులెన్స్‌లో యాదమ్మ ఎక్కింది. గచ్చిబౌలి వైపు దవాఖానకు తీసుకుపోయారు. క్యాజువాలిటీ దగ్గర జరిగింది ఆమె తరువాత నాకు చెప్పింది. అక్కడి గార్డు స్ట్రెచర్‌ను లోపలికి వదిలి ఈమెకు చెయ్యి అడ్డం పెట్టాడట.

“ఏమైతవమ్మా నువ్వు?”

“మేనత్తనైత” అందట యాదమ్మ.

“చీర చూస్తే తెలుస్తది కద సార్, నేను ఆమెకు మేనత్తనెట్లయిత? తెలిసి గూడ చెయ్యి తీసిండు. రెండో మాట అడగలే.”

లోపల డాక్టరమ్మకు ఆమె అంతా చెప్పింది. వాపు ఎప్పటి నుంచి, తలనొప్పి ఎప్పటి నుంచి, కళ్ళ ముందు మెరుపులు ఏ రోజు, ఫిట్స్ తన ముందు ఎన్నిసార్లు. బీపీ చాలా ఎక్కువగా ఉందట. ఫిట్స్ ఆగే ఇంజెక్షన్ ఇచ్చి, ప్రవీణ్ గారు వచ్చీ రాగానే సంతకం తీసుకుని ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ఆడపిల్ల. చేతిలో పట్టేంత పిల్ల. వెంటనే గాజు పెట్టెలో పెట్టారు.

బ్లెస్సీ గారికి రెండు రోజులు సరిగా తెలివి రాలేదు. వచ్చాక మొదట చూపు మసకగా ఉంది. ఆ రెండు రోజులూ నేను గేటు దగ్గర ఏం చేశానో నాకు గుర్తు లేదు. గుర్తున్నది రిజిస్టర్‌లో నా చేతిరాత. ‘10:15, యాదమ్మ, 204, డినైడ్.’ దాని కింద రాజమణి చేతిరాత. ‘యాదమ్మ, 204, సూపర్‌వైజర్ అనుమతి.’ మధ్యలో డెలివరీ మనిషిది ఒక వరుస. పదింబావు నుంచి, నేను చెయ్యి ఎత్తి ఆమెను పిలిచిన పదీ యాభై ఐదు దాకా, నలభై నిమిషాలు.

సెక్రటరీ గారు ముందు మెమో ఇచ్చారు, అనుమతి లేకుండా ఫ్లాట్‌లోకి ప్రవేశించినందుకు. తల్లీబిడ్డా బతుకుతారని తెలిశాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. తోటలో పెద్దాయన తీసిన వీడియో కమ్యూనిటీ గ్రూపులో తిరిగింది. నిచ్చెన ఎక్కుతున్న నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఆదివారం క్లబ్ హౌస్‌లో శాలువా కప్పారు. ‘మన సెక్యూరిటీ అప్రమత్తత’ అని సెక్రటరీ గారు మాట్లాడారు. యాదమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె కోడ్‌కు ఇంకా ఎరుపే వస్తోంది. నాకు మైకు ఇచ్చినప్పుడు చెప్పాలనుకున్నాను. థాంక్యూ సార్ అని మాత్రం అని దిగిపోయాను. మా ఇంట్లో ఆ శాలువా మా ఆవిడ మడత పెట్టబోతే, దాన్ని బయట పెట్టకు, లోపల పెట్టెయ్ అన్నాను. ఎందుకని అడిగితే ఆమెకు చెప్పాను. ఆమె కూడా హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తుంది. విని, “నాకు చెప్తె ఏం లాభం? వాళ్ళకు చెప్పు” అంది.

పాప నెల రోజులు దవాఖానలోనే ఉంది. బ్లెస్సీ గారు ఇంటికి వచ్చిన మరుసటి వారం నేను 204కి వెళ్ళాను. వాళ్ళమ్మ గారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. ప్రవీణ్ గారు చేతులు జోడించబోయారు. నేను ఆపాను.

“సార్, మీకు ఒకటి తెల్వాలె. యాదమ్మ పదింబావుకే వచ్చింది. ఏం జరుగుతుందో మూడుసార్లు నాకు చెప్పింది. నేను ఇనలే. ఎగతాళి చేసిన. నలభై నిమిషాలు బయట కూర్చోబెట్టిన.”

ప్రవీణ్ గారి మొహం మారిపోయింది. డాక్టర్లు ఆ సమయం గురించి ఆయనకేం చెప్పారో నాకు తెలియదు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అప్పుడు బ్లెస్సీ గారే అన్నారు.

“ఆపమన్నది నేనండి. మీరొక్కరే ఎందుకు మోస్తారు అది?”

ఆ మాటతో నా బరువు తగ్గలేదు. ఆమె నన్ను క్షమించారని కూడా నేను అనుకోలేదు. ఆమెకు తన వంతు బరువు ఉంది, అంతే. అక్కడే, నా ఎదుటే ఫోన్ తీసి బ్లాక్ తీసేశారు. యాప్ ఒప్పుకోలేదు. కమిటీ ఆమోదం కావాలని చూపించింది. ఆ సాయంత్రమే ప్రవీణ్ గారు సెక్రటరీ గారి ఇంటికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళి, క్లబ్ హౌస్‌లో చెప్పలేకపోయింది అక్కడ చెప్పాను. ఆయన కోప్పడలేదు. “ఇదంతా ముందే చెప్పాల్సింది నర్సింలూ” అన్నారు. నిజమే. ఆ తరువాతి కమిటీ మీటింగ్‌లో ఒక ఇల్లు వద్దంటే ఆ ఇంటికి మాత్రమే ప్రవేశం ఆగేట్టు రూలు మార్చారు.

యాదమ్మ అప్పటికి నార్సింగిలో వేరే పని చూసుకుంది. కోడ్‌కు ఆకుపచ్చ వచ్చిన రోజు, పాపను చూడడానికి వచ్చింది. కేబిన్ దగ్గర ఆగితే నేను లేచి నిలబడ్డాను.

“యాదమ్మా, నేను ఆ రోజు అట్ల అనకుండ ఉండాల్సింది. తప్పయింది.”

ఆమె నన్ను కాసేపు చూసింది. “మీరు నవ్వించినందుకు గాదు సార్ నాకు బాధ. మా చెల్లె సచ్చిపోయినప్పుడు గూడ ఎవరికి చెప్పినా ఇనలే. మళ్ళ గట్లనే అయితదని కూసున్న సేపంత భయపడ్డ.” అంతే అని పైకి వెళ్ళింది. ఆమె చెల్లెలు బతకలేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నేను అడగనేలేదు.

పైన బ్లెస్సీ గారు మళ్ళీ పనికి రమ్మని అడిగారట. “వస్త అమ్మా. గని నీకు బాగలేకుంటె మీ అమ్మకు ఫోన్ చేసుడు మాత్రం మానను” అందట యాదమ్మ. ఒప్పుకున్నారు. రెండేళ్ళు చేసింది.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్యాంపస్ గేటు చూస్తున్నాను. కొత్తగా చేరే గార్డులకు మొదటి రోజు నేనే చెబుతాను. యాప్ ఎలా వాడాలో ఎవరైనా నేర్పిస్తారు. నేను చెప్పేది ఒకటే. కాదని చెప్పేముందు, ఎందుకొచ్చావని అడుగు. చెప్పేది మధ్యలో ఆపకుండా చివరిదాకా విను. ఆ తరువాత కూడా కాదనాల్సి రావచ్చు. నేను రోజుకు ఎంతోమందిని కాదంటూనే ఉన్నాను. అదే నా ఉద్యోగం. కథలు చెప్పేవాళ్ళు ఇప్పటికీ వస్తారు, వాళ్ళను ఇప్పటికీ తిప్పి పంపుతాను.

కానీ ఈ పనిలో ఒక సంగతి నాకు యాదమ్మ వల్లే తెలిసింది. పొరపాటున ఒకరిని లోపలికి వదిలితే అందరికీ తెలుస్తుంది, మెమో వస్తుంది, మళ్ళీ జరగదు. పొరపాటున ఒకరిని ఆపేస్తే ఎవరికీ తెలియదు. ఆ మనిషి తిరిగి వెళ్ళిపోతుంది, రిజిస్టర్‌లో ఒక వరుస మిగులుతుంది. ఆ తప్పును పట్టుకునే పై అధికారి ఎవరూ ఉండరు. గేటు దగ్గర కూర్చున్నవాడే దాన్ని వెతికి చూసుకోవాలి.